గుడిలో మిషను మోగుతోంది, మేళం ఇంట్లో కూర్చుంది: దేవాదాయ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేవాదాయ ధర్మాదాయ శాఖల కమిషనర్లకు, దేవస్థానాల కార్యనిర్వహణాధికారులకు, పాలకమండళ్ళ పెద్దలకు నమస్కారం.

నేను నాదస్వరం వాయించుకుని బతికేవాణ్ణి. మాది గుంటూరు జిల్లా. మా నాన్నగారు ఒక దేవస్థానంలో డోలు వాయించి రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఇంతవరకూ ఎవర్నీ వేయలేదు. ఆ ఖాళీ నింపమని చుట్టుపక్కల కళాకారులం కలిసి అర్జీలు పెట్టుకున్నాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు, చూస్తామన్నారు, ఇంతలో ఆ ఈవోగారికి బదిలీ అయింది, కొత్తగా వచ్చినాయనకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకున్నాం, ఫైలు పైకి పంపామన్నారు, ఆయనా వెళ్ళిపోయారు. ఆ ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఇక అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ గుడి పేరు రాయను. ఇది ఒక్క గుడి గొడవ కాదు, ఒక్క అధికారి తప్పూ కాదు.

మీరు ఏ ఊరి గుడికి తనిఖీకి వెళ్ళినా ఒక సామాను కనబడుతుంది. ముఖమండపంలో ఓ మూల ఇనుప స్టాండు, దానికి బిగించిన చిన్న డోలు, పక్కన గంటలు, ఒక కంచు పళ్ళెం, వెనక మోటారు. హారతి వేళకి పూజారిగారు చెయ్యి చాపి స్విచ్చి వేస్తారు. కర్రలు డోలు మీద, సుత్తులు గంటల మీద పడడం మొదలవుతుంది. దాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు స్టాండు మీద ఎర్ర పెయింటుతో రాసి ఉంటాయి. శివరాత్రి అయినా, శ్రీరామనవమి కల్యాణమైనా, మామూలు మంగళవారమైనా అదే దరువు, అదే వేగం. కరెంటు పోతే ఆగిపోతుంది. మా నాన్నగారు పనిచేసిన గుడిలోకి కూడా ఇదే వచ్చింది. దాతల మీద నాకు కోపం లేదు, వాళ్ళు భక్తితో ఇచ్చారు. కానీ తీసుకునే ముందు ఆఫీసులో ఎవరో ఒకరు “మరి మేళం సంగతేమిటి” అని అడగాల్సింది. ఎవరూ అడగలేదు.

పూజలో ఉపచారాలు చెప్పేటప్పుడు అర్చకస్వాములు “గీతం శ్రావయామి, వాద్యం ఘోషయామి” అంటారు. అంటే ధూపం, దీపం, నైవేద్యం ఎంత అవసరమో వాద్యమూ అంతే, స్వామికి చేసే సేవలో అదొక భాగం. నైవేద్యం వండడానికి మనిషి లేడని పులిహోర ఫొటో పెట్టి సరిపెట్టమని ఏ అధికారీ చెప్పరు. వాద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో ఒక చప్పుడు వస్తే చాలనుకుంటున్నారు.

మేళం అంటే ఏం చేస్తుందో ఈ తరానికి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది మమ్మల్ని పెళ్ళిలో మాంగల్యధారణ వేళ గట్టిమేళం కోసం చెయ్యి ఊపినప్పుడు తప్ప చూసి ఉండరు. తెల్లవారుజామున స్వామిని లేపడానికి భూపాలం, పొద్దెక్కాక బిలహరి, ఉత్సవమూర్తి బయటికి వచ్చేటప్పుడు మల్లారి, రాత్రి పవళింపు సేవకి నీలాంబరి, ఇలా వేళను బట్టి, సేవను బట్టి రాగం ఉంటుంది. ఊరేగింపులో పల్లకీ ఎంత నెమ్మదిగా కదిలితే రాగం అంత విస్తారంగా సాగుతుంది. ఒక వీధి మొదట్లో ఎత్తుకున్న కల్యాణి రెండో వీధి మలుపు తిరిగేదాకా వాయించిన విద్వాంసులను నేను చిన్నప్పుడు విన్నాను. అప్పటికప్పుడు పుట్టే సంగీతం అది. ఎదురుగా నిలబడ్డ జనాన్ని, పల్లకీ మోసేవాళ్ళ అడుగును, హారతి పట్టే ఇల్లాలిని చూసుకుంటూ ఆ పూటకి ఆ మనిషి అల్లుకునేది. రేపు మళ్ళీ అదే రాగం వాయించినా అదే రాదు. కాగితం మీద రాయరు కాబట్టి దాన్ని సృజన అని ఎవరూ లెక్కలో వేయరు, కానీ త్యాగరాజస్వామి కీర్తన, అన్నమయ్య పాట సభలకు వెళ్ళలేని కూలి మనిషి చెవిలో పడ్డాయంటే అందులో మేళం పని చాలా ఉంది.

ఇప్పుడు మేళం లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. తిండి. పెళ్ళిళ్ళు ఏడాదంతా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వస్తే నెలల తరబడి ముహూర్తాలే ఉండవు. ఆ ఖాళీ నెలల్లో ఇల్లు గడిపింది గుడి జీతమే, ఎంత తక్కువైనా. ఇప్పుడు అది లేదు. ఉన్నచోట కూడా చాలావరకు రోజు కూలీ లెక్కనో, ఏజెన్సీ ద్వారానో ఇస్తున్నారు, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. పెళ్ళిళ్ళలో డీజేలు, కేరళ చెండమేళాలు వచ్చాక మాకు పిలుపులూ తగ్గాయి. 2020లో కరోనాకి గుళ్ళు మూసేసి, పెళ్ళికి పదుల మందే రావాలన్నప్పుడు మావాళ్ళు కొందరు వాద్యాలు తాకట్టు పెట్టారు. కొన్ని ఇప్పటికీ విడిపించుకోలేదు. ఈఎంఐ కట్టాలన్న టెన్షన్‌తో పొద్దున్నే భూపాలం ఎలా వస్తుంది నాదస్వరంలోంచి, చెప్పండి.

2. విద్య. ఇది నన్ను తిండి కంటే ఎక్కువ బాధపెడుతున్న విషయం, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. నాదస్వరం రెండున్నర అడుగుల పైన పొడవుండే కర్ర. వేళ్ళు ఆడించే రంధ్రాలు ఏడే. హార్మోనియంలా ఇక్కడ నొక్కితే ఈ స్వరం వస్తుందన్న హామీ లేదు, రెల్లుతో చేసిన పీక పెదవుల మధ్య ఎంత నొక్కాం, ఊపిరి ఎంత వదిలాం అన్నదాన్ని బట్టి స్వరం మారుతుంది, గమకమంతా, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికించడమంతా, అక్కడే ఉంది. డోలు సంగతీ అంతే. ఒక పక్క కర్ర, రెండో పక్క వేళ్ళకు గట్టి తొడుగులు, మెడలో అంత బరువు వేసుకుని గంటల కొద్దీ నిలబడి వాయించాలి. ఇది గదిలో కూర్చుని నేర్చుకుంటే సగమే వస్తుంది. మిగతా సగం రోజూ రెండు పూటలా గుడిలో గురువు పక్కన శ్రుతి పట్టుకుని నిలబడితే, ఆయన అలసిపోయినప్పుడు “నువ్వు అందుకో” అంటే అందుకుంటే వస్తుంది. గుడి మాకు బడి కూడా. గుడిలో మేళం తీసేస్తే ఆ బడి మూసేసినట్టే, ఆ తర్వాత ఎన్ని డిప్లొమాలు ఇచ్చినా విద్వాంసులు తయారవరు.

మన నేలకు ఈ విద్య కొత్త కాదు. షేక్ చినమౌలానా సాహెబ్ 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. గుళ్ళలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. ప్రకాశం, గుంటూరు వైపు అలాంటి కుటుంబాలు ఇంకా ఉన్నాయి, రాముడి కల్యాణానికి సాయిబుల మేళం రావడం మా ఊళ్ళలో ఎవరికీ వింత కాదు. ఆయన తమిళదేశం వెళ్ళి తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే ఆశ్రమం పెట్టి పాఠం చెప్పారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన దగ్గర తయారైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కూడా మన ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళే. 2020లో వారికి పద్మశ్రీ వచ్చింది, జాబితాలో వారి పేరు పక్కన రాష్ట్రం తమిళనాడు అని ఉంది. వాళ్ళకి దక్కిన గౌరవం చూసి మేమంతా సంబరపడ్డాం. కానీ మన పిల్లలు అక్కడికి వెళ్ళి గొప్పవాళ్ళవుతున్నారంటే ఇక్కడ వాళ్ళని నిలబెట్టుకునే చోటు లేదనేగా.

3. పిల్లలు. తిరుపతిలో నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది, మంచి గురువులున్నారు. అక్కడా, సంగీత కళాశాలల్లోనూ చదివి బయటికి వచ్చిన కుర్రాళ్ళు నాకు తెలుసు. ఒకడు సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు, ఇంకొకడు బండి మీద భోజనం పార్సిళ్ళు తిప్పుతున్నాడు. ఇద్దరూ తోడి రాగం చక్కగా వాయిస్తారు. ప్రభుత్వ సొమ్ముతో నేర్పించి, నేర్చుకున్నాక పోస్టు లేదంటే ఆ ఖర్చంతా ఎవరి కోసం పెట్టినట్టు? ఇది చూసి మా చుట్టాలు పిల్లల్ని ఈ వైపు రానివ్వడం లేదు. వాళ్ళని నేను ఏమనగలను.

4. ఊరు. గుడికి వచ్చేవాళ్ళు రాగం పేరు తెలియకపోయినా విని పెరిగారు. “ఇవాళ సన్నాయి బాగా పలికింది” అనే ముసలమ్మలు ఉండేవారు. మిషను ముందు ఆ మాట అనేందుకు ఏమీ లేదు.

5. మర్యాద. దీని గురించి మాట్లాడితే కొందరికి నచ్చదని తెలుసు, అయినా రాస్తాను. మేళం వాయించేవాళ్ళలో ఎక్కువమంది నాయీబ్రాహ్మణులు, తర్వాత ముస్లింలు. స్వామి ముందు వాయించేవాణ్ణి “ఒరేయ్ మేళం” అని పిలిచే అలవాటు ఇంకా పోలేదు. బ్రహ్మోత్సవాల కరపత్రం తీసి చూడండి. దాతల పేర్లు ఉంటాయి, రాజకీయ నాయకుల ఫొటోలు ఉంటాయి, టెంటు వేసినవారికి, మైకు పెట్టినవారికి ధన్యవాదాలు ఉంటాయి. పది రోజులు పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఊపిరి బిగబట్టి ఊదినవాడి పేరు ఉండదు. కల్యాణం టీవీలో, యూట్యూబులో లైవ్ వస్తుంది, వ్యాఖ్యాతలు స్వామి నగల దగ్గర్నుంచి పూల డెకరేషన్ దాకా అన్నీ చెబుతారు, వెనక మోగుతున్న సన్నాయి ఎవరిదో ఒక్కసారీ చెప్పరు. ఆ రికార్డింగే మర్నాటి నుంచి మైకుల్లో వేసుకుంటారు, మళ్ళీ మేళాన్ని పిలవక్కర్లేకుండా.

6. ముసలితనం. పళ్ళు ఊడితే నాదస్వరం పట్టు తప్పుతుంది. డోలు వాళ్ళకి భుజాలు పోతాయి, వినికిడి మందగిస్తుంది. మా నాన్నగారితో ఇప్పుడు గట్టిగా మాట్లాడాలి. రోజు కూలీ మీద పనిచేసినవాడికి పీఎఫ్ ఉండదు, పెన్షన్ ఉండదు, వైద్యం ఎవరి ఖర్చు వాళ్ళదే.

ఇక మీ వైపు నుంచి వచ్చే మాటలు కూడా నాకు తెలుసు, అర్జీలు పెట్టినప్పుడల్లా విన్నవే.

“వంశపారంపర్యం పోయింది కదా” అంటారు. పోయింది. పూర్వం మేళం వాళ్ళకి ఊరు మాన్యం ఇచ్చేది, ఆ భూమి పండించుకుని తరతరాలూ సేవ చేసేవాళ్ళు. 1987 దేవాదాయ చట్టం అర్చకులతో పాటు ఇతర కైంకర్యపరుల వంశపారంపర్య హక్కులనూ రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. దాన్ని తిరగదోడమని నేను అడగను, నా కొడుక్కి వాయించడం రాకపోతే వాడికి ఆ చోటు ఎందుకు? వచ్చినవాడికే ఇవ్వండి, ఏ కులం వాడైనా, ఆడపిల్లయినా. కానీ హక్కు తీసేసినప్పుడు దాని స్థానంలో ఉద్యోగం రావాలి. అర్చకుల విషయంలో 2007లో చట్టం సవరించి కొంత ఊరట ఇచ్చారు. మాకు హక్కూ పోయింది, మాన్యమూ పోయింది, పోస్టు కూడా రిటైరైనవారితో పాటే పోతోంది.

“ఆదాయం లేని గుళ్ళు” అంటారు. ఇది నిజమైన ఇబ్బందే. చిన్న గుళ్ళకి ధూప దీప నైవేద్యం పథకం పెట్టారు, ఇచ్చే మొత్తాన్ని తెలంగాణలో 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 10 వేలకు పెంచారు. అర్చకుల కుటుంబాలకు అది కొండంత ఆసరా, ఆ పూజారులు మా స్నేహితులే, ఆ డబ్బులో వాటా మేము అడగం. అయితే ఆ పథకంలో వాద్యానికి చోటే లేదు, దానికి వేరే దారి చూడాలి. మరి ఏడాదికి 25 లక్షలు దాటి ఆదాయమున్న 6(ఎ) గుళ్ళ సంగతేమిటి? అక్కడా మిషన్లు ఎందుకున్నాయి?

“మనుషులు దొరకడం లేదు” అని ఇంకో మాట. జీతం ఎంతో చెప్పకుండా, పోస్టు ప్రకటించకుండా ఎలా దొరుకుతారు? పక్కన తమిళనాడులో దేవాదాయ శాఖే నాదస్వరం, తవిల్ (మన డోలు లాంటిదే) నేర్పే బడులు నడుపుతోంది, మన శాఖలు అలాంటివి పెట్టలేవని నేను అనుకోను.

కాబట్టి మేము అడిగేవి ఇవి.

1. 6(ఎ) గుళ్ళన్నిటిలో కనీసం ఒక పూర్తి మేళం, అంటే ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, ఒక శ్రుతి, తాళం, శాశ్వత పోస్టుల మీద ఉండాలి. ఇప్పుడు ఎన్ని పోస్టులు మంజూరై ఉన్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో జిల్లాలవారీగా బయటపెట్టండి. ఖాళీలు నింపడం ఆ లెక్కతోనే మొదలవుతుంది.

2. అంతకంటే తక్కువ ఆదాయమున్న 6(బి), 6(సి) గుళ్ళకి మండలానికో మేళాన్ని నియమించి, ఏ గుడికి ఏ రోజు వెళ్ళాలో పంచాంగం చూసి పట్టిక వేయండి. పెద్ద గుళ్ళు శాఖకు కట్టే నిధుల నుంచి జీతం ఇవ్వొచ్చు. చిన్న గుడికి రోజూ మేళం రాకపోయినా ఏకాదశికో, మాసశివరాత్రికో, ఊరి తిరునాళ్ళకో బతికిన మనిషి వాయించిన సన్నాయి వినబడాలి.

3. మేళం ఉన్న గుడిలో సేవల వేళ మోటారు డోలు, రికార్డు వేయకూడదని ఉత్తర్వు ఇవ్వండి. మేళం లేని గుళ్ళలో మిషను ఉంచుకోండి, మేము అడ్డు చెప్పం.

4. నియామకం వాయింపు పరీక్ష మీదే జరగాలి. పరీక్ష పెట్టేవాళ్ళలో సగం మంది అయినా నాదస్వరం, డోలు విద్వాంసులై ఉండాలి. చదువు సర్టిఫికెట్ లేని పాతకాలపు విద్వాంసుల్ని పదో తరగతి పాస్ కాలేదని తోసేయకండి.

5. ప్రతి మేళంలో ఇద్దరు శిష్యులను స్టైపెండ్ మీద పెట్టుకోనివ్వండి. ఇది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, పైగా పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలకి అనుభవం వస్తుంది.

6. రోజు కూలీ మీద ఏళ్ళ తరబడి వాయిస్తున్నవాళ్ళకి పీఎఫ్, ఆరోగ్య బీమా, వాయించలేని వయసు వచ్చినవాళ్ళకి పెన్షన్ ఇవ్వాలి. వాద్యం కొనుక్కోవడానికి, తాకట్టు విడిపించుకోవడానికి వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. మంచి నాదస్వరం ఇప్పటికీ తమిళనాడు వెళ్ళి చేయించుకోవాల్సిందే, ఆ ప్రయాణ ఖర్చే మాకు భారం.

7. ఉత్సవాల కరపత్రాల మీద, ప్రత్యక్ష ప్రసారాల్లో మేళం వాళ్ళ పేర్లు వేయాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఈవోగారి ఒక్క సంతకం చాలు, రాబోయే ఉత్సవం నుంచే మొదలుపెట్టొచ్చు. రికార్డు చేసి మళ్ళీ వాడుకుంటే వాయించినవారికి డబ్బు కట్టాలి.

గుళ్ళకి వచ్చే భక్తులకి, పెళ్ళిళ్ళు చేసే తల్లిదండ్రులకి కూడా ఒక మాట. మీ ఊరి గుడిలో మేళం ఎందుకు లేదని ఈవోగారిని అడగండి, మేము అడిగితే ఒక అర్జీ అవుతుంది, మీరు అడిగితే ఊరి మాట అవుతుంది. గుడికి ఏదైనా చేయిద్దామనుకున్న దాతలు మిషను కొనే డబ్బుతో ఒక ఉత్సవానికి మేళాన్ని పెట్టించండి. మీ తల్లిదండ్రుల పేర్లు మేమే మైకులో చెప్పి వాయిస్తాం.

ఈ లేఖ కాపీని పాత అర్జీల నకళ్ళతో కలిపి రెండు రాష్ట్రాల కమిషనర్ కార్యాలయాలకీ రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. కార్తీకమాసంలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. పిలిస్తే వచ్చి మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నాం. వచ్చేటప్పుడు వాద్యాలు కూడా తెచ్చుకుంటాం, ముందు ఒక గంట విని ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
ఒక నాదస్వర కళాకారుడు,
గుంటూరు జిల్లా